ఆపి చూసిన చోటు

2019 వానాకాలం. మంచిర్యాల స్టేషన్ రోడ్డు మీద నా దుకాణం. బోర్డు మీద పెద్ద అక్షరాలతో మొబైల్ కవర్లు, ఛార్జర్లు, రీఛార్జ్ అని ఉంటుంది. కింద చిన్నగా ‘పాత వీడియో క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వబడును’ అని ఇంకో లైను. పైవన్నీ పొట్ట కోసం. ఆ చిన్న లైనే నా అసలు వృత్తి.

ఎనభైల చివర్లో నేను వీడియో లైబ్రరీ పెడితే ఊళ్ళో అందరూ నవ్వారు. ఒక్క పుస్తకం లేని లైబ్రరీ ఏందిరా అని. రెండేళ్ళు తిరిగేసరికి ఆ నవ్విన మహానుభావులే శనివారం సాయంత్రం నా కౌంటర్ ముందు నిలబడి ‘జర కొత్తది ఏమన్న ఉంటె తియ్యి అన్నా’ అని బతిమాలారు. బొగ్గుబాయి కాలనీల్లో ఎవరింట్లో ఫంక్షన్ అయినా టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు కలిపి కిరాయికి పంపేవాణ్ణి. మా దగ్గర బొగ్గుగనిని బాయి అనే అంటారు. రిక్షాలో టీవీని పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకుని పోయేవాణ్ణి. తర్వాత కేబుల్ వచ్చింది, సీడీ వచ్చింది, డీవీడీ వచ్చింది. ఇప్పుడు సినిమా జేబులోకే వచ్చేసింది. కొత్తది వచ్చినప్పుడల్లా నా దుకాణంలో ఒక గోడ ఖాళీ అయింది.

ఆ రోజుల్లో క్యాసెట్ ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పేవాణ్ణి. తిరిగి తెచ్చేటప్పుడు మొదటికి తిప్పి తేవాలి, అంటే రివైండ్ చెయ్యాలి. రెండోది, పాజ్‌లో పెట్టి వదిలెయ్యకూడదు. పాజ్ నొక్కితే బొమ్మ ఆగుతుంది, టేపు కూడా ఆగుతుంది. కానీ బొమ్మను చదివే హెడ్డు మాత్రం లోపల గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, ఆగిన టేపును ఒకే చోట రాస్తూ. అట్లా పదేపదే ఆపితే అక్కడి పూత రాలిపోతుంది. బొమ్మ ఉండేది ఆ పూతలోనే. మొదటి మాట కొందరైనా విన్నారు. రెండోది ఎవడూ చెవిన పెట్టలేదు.

రాజక్క నా దుకాణానికి రావడం మొదలుపెట్టింది భర్త పోయిన తర్వాత. ఆయన పేరు కొమురయ్య. బాయిలో బండ కూలి పోయాడు. అప్పటికి రాజక్క కడుపుతో ఉంది. బిడ్డ పుట్టిన తర్వాత బాయి దవాఖానాలో ఆయాగా చేరింది. ఆమె వచ్చి ఒక సినిమా అడిగింది. అది ఆడిన మూడో రోజే టాకీసు వాళ్ళు ఎత్తేసిన సినిమా. నేనే ఎవరికీ ఇవ్వడానికి మొహమాటపడేవాణ్ణి. ఆమె తీసుకెళ్ళింది, తెచ్చింది, మళ్ళీ తీసుకెళ్ళింది. జీతం వచ్చిన వారం తప్పకుండా వచ్చేది. నాకు నోరు ఊరుకోదు కదా, ఒకనాడు ఎగతాళి చేశాను.

“ఏందక్కా, హీరో గంత నచ్చిండా?”

“హీరో ఎవలో నాకేం ఎర్క తమ్మీ,” అంది. “అండ్ల మా ఆయన ఉన్నడు.”

నా మొహంలో నవ్వు చచ్చిపోయింది. స్టూలు వేసి కూర్చోబెడితే అప్పుడు చెప్పింది. ఆ సినిమా వాళ్ళు గోదావరి ఒడ్డున జాతర సీను తీయడానికి వచ్చారట. జనం కావాలంటే కాలనీ నుంచి సెలవు రోజున మనుషుల్ని పట్టుకుపోయారు. కొమురయ్య నెత్తిన గంప పెట్టుకొని ఆ జాతరలో నడవాలి, అంతే ఆయన పని.

“కెమెరా దిక్కు సూడొద్దని మస్తు చెప్పిండ్రు తమ్మీ. నేను కెమెరా ఎన్కకు జనంల నిలవడ్డ. నాకేం పుట్టిందో, ‘ఓ కొమురయ్యా’ అని పిల్సిన. పెండ్లయినకాంచి పేరు పెట్టి పిల్వలే, గా దినమే పిల్సిన. ఎవల్రా అని మర్రి సూసిండు. నన్ను సూసి నవ్విండు. ఇగ నవ్వుకుంట జనంల వడి పోయిండు.”

మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు ఎత్తరు. ఎత్తకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, కానీ ఎత్తరు. అందుకే ఆయన అట్లా ఉలిక్కిపడి తిరిగాడు, అందుకే అంత నవ్వు వచ్చింది. ఆ సినిమా వాళ్ళకు రెండోసారి తీసే ఓపిక లేకనో ఏమో, ఆ ముక్కను అట్లాగే ఉంచేశారు. కొమురయ్య ఫోటోలు ఇంట్లో ఉన్నాయట గానీ అన్నిటిలో మూతి బిగించుకొనే ఉంటాడట. ఆయన నవ్వింది ఈ క్యాసెట్‌లో ఒక్కచోటే.

కేబుల్ వచ్చాక ఆ సినిమాను ఆమె తప్ప ఇంకెవరూ అడగలేదు. క్యాసెట్ ఆమెకే ఇచ్చేశాను, పాత వీసీఆర్ ఒకటి బాగుచేసి దాంతో పాటు ఇచ్చాను. “ఆపి ఆపి సూడకక్కా, టేపు అరుగుతది,” అని మరీ మరీ చెప్పాను. “సరే తమ్మీ,” అంది. ఆ తర్వాత బజార్లో కనబడితే నవ్వడమే తప్ప దుకాణానికి రాలేదు.

మళ్ళీ వచ్చింది ఆ 2019 వానాకాలంలోనే. జుట్టు మొత్తం తెల్లబడింది. పక్కన కూతురు సరిత. ఆసిఫాబాద్‌లో ప్రైవేటు బడిలో టీచరు. రాజక్క పాత చీర ముక్కలో చుట్టిన క్యాసెట్ నా కౌంటర్ మీద పెట్టింది.

“మా పాపకు రెండేండ్లు మామా,” అంది సరిత. “అది నవ్వితె కాలనీ ఓళ్ళంత అచ్చం తాత నవ్వే అంటరు. అందరు సూసిండ్రు, నేనొక్కదాన్నే సూడలే. నాకు తెల్వి రాకముందే మా ఇంట్ల వీసీఆర్ ఖరాబైంది. ఒక్కసారి సూపియ్యి మామా. మా బాపు నవ్వంగ నేను సూడాలె.”

టేపు నిండా తెల్లగా బూజు. వానాకాలం క్యాసెట్లకు యముడు. స్క్రూలు విప్పి, టేపును వేరే డబ్బాలోకి మార్చి, మెత్తటి గుడ్డతో ఓపికగా తుడిచాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఒక ఆదివారం పొద్దున ఇద్దరినీ రమ్మన్నాను. వీసీఆర్‌ను కంప్యూటర్‌కు కలిపి, ఆడుతుండగానే కాపీ అయ్యేట్టు పెట్టి ప్లే నొక్కాను.

బొమ్మ వచ్చింది! రంగులు వెలిసినా శుభ్రంగా వచ్చింది. గోదావరి కనిపించింది, జాతర కనిపించింది, రంగులరాట్నం కనిపించింది. సరిత స్టూలు ముందుకు జరుపుకుంది. రాజక్క “ఇగో అస్తుండు, ఇగో,” అంది. అప్పుడే తెర మీద అడ్డగీతలు పడ్డాయి, ఆ వెంటనే మొత్తం తెల్లచుక్కలు. వాటి మధ్య గంప అంచులాంటిది ఒకటి మెరిసి పోయింది. చుక్కలు పోయి బొమ్మ మళ్ళీ వచ్చేసరికి తెర మీద హీరో ఉన్నాడు.

“ఏడి అవ్వా?” అని తల్లిని అడిగింది సరిత.

“అగో, ఎడమ దిక్కు. కనబడ్తలేడా? నాకైతే కనబడ్తుండు.”

నాకు విషయం అర్థమైపోయింది. హెడ్డు తుడిచాను, ట్రాకింగ్ తిప్పాను, అంటే బొమ్మ వరస సరిచేసే మరను. ఏం లాభం లేదు. టేపు బయటికి లాగి వెలుతురుకు పట్టి చూపించాను. మిగతా టేపంతా నల్లగా నిగనిగలాడుతోంది. ఆ ఒక్కచోట పూత పోయి అవతలి వెలుతురు కనబడుతోంది. పాజ్ సంగతి చెప్పక తప్పలేదు.

సరిత తల్లి వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్ళల్లో అంత కోపం వస్తుందని నేను అనుకోలేదు.

“బాపును మొత్తం నువ్వే సూస్కున్నవ్ అవ్వా. నాకింత సుత మిగలనియ్యకపోతివి.”

రాజక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. చివరికి నాతో చెబుతున్నట్టే చెప్పింది.

“ఆపకపోతె పోతుండు తమ్మీ. నవ్వుతుండు, జనంల వడి పోతుండు. బాయికి గూడ గట్లనే పోయిండు. ఒక్కసారన్న ఆపుదామని ఆపిన.”

ఇంకో కాపీ ఎక్కడన్నా దొరుకుతుందేమో వెతుకుతానన్నాను. నాకు కొంచెం గడువు ఇమ్మన్నాను. ఆ సినిమా నెట్‌లో ఉంది గానీ, అది టీవీ కోసం కుదించిన ప్రింటు. జాతర సీనంతా లేపేశారు, ఎవడికి అడ్డమొచ్చిందో పాపం. కరీంనగర్ వెళ్ళి, ఒకప్పుడు నాలాగే లైబ్రరీలు నడిపిన వాళ్ళందరినీ కలిశాను. ఒకాయన క్యాసెట్లు తుక్కుకు వేశాడు. ఇంకొకాయన వాటి మీదనే కొత్త సినిమాలు ఎక్కించి అమ్ముకున్నాడు. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఆ తల్లీకూతుళ్ళకు ఏం మొహం పెట్టుకొని చెప్పాలిరా దేవుడా అనుకుంటూ వచ్చాను.

మళ్ళీ పిలిపించాను. దొరకలేదని చెప్పాను. “శబ్దం మాత్రం మొత్తం బాగుందక్కా,” అన్నాను. టేపులో శబ్దం బొమ్మతో కలిసి ఉండదు, అంచున వేరే గీతగా ఉంటుంది. దాన్ని చదివే హెడ్డు తిరగదు కాబట్టి పాజ్ దాన్ని తినదు. అయితే ఆ శబ్దం గోదావరి ఒడ్డుది కాదు, మద్రాసులో ఏ స్టూడియోలోనో కలిపినది. అందులో కొమురయ్య గొంతు లేదు. అయినా ఉత్త చేతులతో ఎట్లా పంపను? అందుకే వినిపించాను.

డప్పులు మొదలయ్యాయి. జనం గోల. తెర మీద తెల్లచుక్కలు. రాజక్క లేచి నిలబడింది. నేను మంచినీళ్ళకేమో అనుకున్నాను. ఆమె రెండు చేతులు పైకెత్తి, నెత్తి మీద లేని గంపను పట్టుకొని, దుకాణం మధ్యలో ఉన్న కాస్త జాగాలో నడిచింది. ఆ నడక ఆమెది కాదు. మోకాళ్ళ నొప్పులతో నా మెట్లు ఎక్కడానికే ఆయాసపడిన మనిషి, భుజాలు విరిచి, ఒక కాలు కొంచెం విసురుతూ, బాయి దిగే మొగోడిలా నడిచింది. గోడ దాకా పోయి, మా వైపు వీపు పెట్టి ఆగింది.

“గాజులమ్మేటోడు ఒర్లుతడు. ఒర్లినంక పిలువు బిడ్డా,” అంది వెనక్కి చూడకుండానే. “పిలుస్తెనే తిరుగుతడు.”

టేపులో గాజులవాడి కేక వినబడింది. సరిత నోరు తెరిచి ఆగింది. తండ్రిని పేరు పెట్టి ఎట్లా పిలుస్తుంది? చివరికి పిలిచింది.

“బాపూ!”

పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ పిల్ల ఆ మాటతో ఒక మనిషిని పిలవడం అదే మొదలు.

రాజక్క తిరిగింది. ముందు కనుబొమలు లేచాయి, ఎవరది అన్నట్టు. తర్వాత ఎడమ వైపు పెదవి ఒక్కటే పైకి పోయింది, తర్వాత మొహమంతా విచ్చుకుంది. కళ్ళు మూతలు పడేంత నవ్వు. సిగ్గు, కొంటెతనం, దొరికిపోయినతనం అన్నీ ఉన్నాయి అందులో. అట్లా నవ్వుతూనే పక్కకు తిరిగి రెండడుగులు వేసింది. డప్పు ఆగింది. రాజక్క మళ్ళీ రాజక్క అయిపోయి, గోడ పట్టుకొని రొప్పింది.

“గిట్లనే నవ్వుతది అవ్వా,” అంది సరిత ఏడుస్తూ. “మా పాప గిట్లనే, ఒక్క దిక్కు మూతి లేపి నవ్వుతది.” తల్లిని పట్టుకొని, చిన్నపిల్లలాగా, “ఇంకోసారి సూపియ్యి,” అంది. నేను టేపు వెనక్కి తిప్పాను. ఈసారి సరిత ఫోను పట్టుకొని, ఆ ఫోను వెనక నిలబడి పిలిచింది. ఆ పూట ఎంతమంది వచ్చి షట్టరు కొట్టారో నాకు తెలియదు. నేను తెరవలేదు.

అప్పటి నుంచి నా పని పద్ధతి ఒకటి మారింది. ఎవరు పాత క్యాసెట్ తెచ్చినా మొదటి నుంచి వేయను. ఎక్కువగా ఆపి చూసిన చోటు ఏదని ముందు అడుగుతాను. పాత టేపు ఒక్కోసారి ఒక్కసారే ఆడుతుంది, రెండోసారికి తెగుతుంది. అందుకని ఆ చోటికే ముందు పోయి, దాన్ని ముందు దక్కించుకుంటాను. ఎవరూ ఆలోచించుకోరు, టక్కున చెప్తారు. వాళ్ళు చెప్పిన చోటే టేపు పలచబడి ఉంటుంది. మనుషులు ఎంత ఇష్టంగా చూస్తే అంత తొందరగా పోయే వస్తువుతో నేను ఇన్నేళ్ళు వ్యాపారం చేశానని నాకు అప్పుడే తెలిసింది.

రాజక్క కరోనా రెండో విడతలో పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు సరిత ఒక్కతే వచ్చింది. ఫోనులో ఉన్న ఆ వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసి ఇమ్మంది, ఇంకో దాంట్లో కూడా వేసి పెట్టమంది. కాపీ అవుతుంటే తెర మీద రాజక్క తిరిగింది, కొమురయ్య నవ్వు నవ్వింది. సరిత చెయ్యి చాపి అక్కడ ఆపింది.

“గిండ్ల ఆపి సూస్తె అరగది కద మామా?”

“అరగది బిడ్డా. ఎంతసేపన్న ఆపుకో.”