కంటి మూలన వేలు

ఇవాళ పొద్దున వేరుశనగ నూనె ప్యాకెట్ కత్తిరించబోతే జారింది. రెండు చేతులకూ నూనె అయింది. మా ఆవిడ జయ గుడ్డ అందిస్తే, తుడుచుకోకుండా అరచేతులు వాసన చూస్తూ నిలబడ్డాను. "వీరయ్య మామయ్య గుర్తొచ్చాడా?" అంది. తనకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకే చెప్పాలి. వీరయ్య బాబాయి మాకు చుట్టం కాదు. ప్రత్తిపాడు అవతల మా ఊళ్ళో, మిరపకాయలు ఆరబోసే ఆయన కల్లం, మా కల్లం పక్కపక్కనే ఉండేవి. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, నాలుగు చేల అవతలికి వినపడేటట్టు మాట్లాడే రైతు. నాకు తండ్రిగా ఉండటం నేర్పింది ఆయనే అంటే నవ్వుతారు గానీ, అది నిజం.

తొంభైల చివర్లో మా అమ్మాయి మౌనిక పుట్టింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మా వైపు ఆనవాయితీ. జయకు తల్లి లేదు కాబట్టి, గుంటూరులో కాన్పయ్యాక బిడ్డతో నేరుగా మా ఇంటికే వచ్చింది. ఇరవై ఒక్క రోజులు మా అమ్మ జయను కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంది. అంతలో మిరప కోతలు వచ్చిపడ్డాయి. అమ్మ కూలీలతో చేలోకి, నేను కల్లంలోకి. ఇంట్లో జయా, నెల నిండని పిల్లా మిగిలారు. ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి వెళ్ళాను. పొద్దుటి నుంచి ఎండుకాయల్లో తెల్లబారిన తాలుకాయలు ఏరిన చేతులు. సబ్బుతో కడిగానన్న ధీమాతో పిల్ల పెదవి పక్కన కారిన పాలు వేలితో తుడిచాను. అంతే, పిల్ల గుక్కపట్టింది. బుగ్గంతా ఎర్రబడింది. జయ పిల్లను లాక్కుని తడిగుడ్డతో అద్దుతూ తనూ ఏడ్చింది. "మీరిక దీన్ని ముట్టుకోకండి. మీకు దణ్ణం పెడతాను" అంది. కోపంగా అని ఉంటే సర్దుకునేవాణ్ణి. కానీ ఆ గొంతులో కోప్పడే ఓపిక కూడా లేదు.

ఎరుపు సాయంత్రానికి తగ్గింది. నేను మాత్రం ఇంటికి పోవడం తగ్గించాను. క్యారేజీ కల్లానికే తెప్పించుకున్నాను. కాయలకు కాపలా అని పేరు, అసలు సంగతి భయం. నా పిల్ల నన్ను ముట్టుకోనివ్వకుండానే పెరుగుతుందేమోనని. నాలుగైదు రోజులు చూసి వీరయ్య బాబాయి గట్టు దాటి వచ్చాడు.

"ఏరా, ఇల్లు మర్చిపోయావా ఏంది?"

"కాయలు చూసుకోవాలి గదా బాబాయ్."

"కాయలకి నేనున్నాలే. ఆ పిల్లకెవరున్నారు? పిల్లను కన్న పిల్లకెవరున్నారు?"

దాంతో జరిగిందంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన తన పాకలోంచి వేరుశనగ నూనె సీసా తెచ్చాడు. "నీళ్ళకి పోద్దా మిరప ఘాటు? ముందు నూనె పట్టాలి" అంటూ నా గోళ్ళ సందుల దాకా రుద్దించి, కుంకుడు రసంతో రెండుసార్లు కడిగించాడు. తనూ కడుక్కుని, ముందు తన వేలు కంటి మూలన ఆనించుకున్నాడు. నన్నూ అలాగే చేయమన్నాడు. "నీ కంటికి మండకపోతే పిల్లకీ మండదు. చొక్కా మార్చుకోకుండా ఎత్తుకోమాక. ఎత్తుకుని, ముద్దు చేసి, ఇచ్చేసి రామాక. వసారాలో కూర్చో. ఆ అమ్మాయిని పడుకోనియ్యి. లేచినాక ఏం తిన్నావని అడుగు. పిల్ల గుడ్డలు నువ్వే ఉతుకు. కల్లం వైపు మాత్రం ఆరెయ్యమాక, గాలికి కారం పట్టుద్ది."

ఇంటికెళ్ళి చొక్కా మార్చుకుని, "కంటికి పెట్టుకుని చూశాను, మండలేదు" అన్నాను. జయ నా వేలు తీసుకుని తన పెదవికి ఆనించుకుని కాసేపు ఆగింది. తర్వాత పిల్లను నా చేతుల్లో పెట్టి, లోపలికెళ్ళి పడుకుంది. పొద్దు వాలేదాకా లేవలేదు. నా కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు. అంత సంతోషం ఏ పంటకూ నాకు కలగలేదు.

మర్నాడు బోరు దగ్గర గుడ్డలు ఉతుకుతుంటే దారినపోయే ఒకాయన, "ఏరా, పెళ్ళాం పని నీకప్పజెప్పిందా?" అన్నాడు. సిగ్గుతో నా తల వంగిపోయింది. కల్లంలోంచి బాబాయి గొంతు లేచింది. "ఆ గుడ్డలు తడిపింది వాడి కూతురేరా! నువ్వు తడిపావా ఏంది?" కాయలు ఏరుతున్న ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నా జోలికి రాలేదు.

బాబాయి పోయాక, పెద్దకర్మ నాడు ఆయన భార్య రత్తమ్మ పిన్ని దగ్గర కూర్చుని ఈ నూనె సంగతి చెప్పాను. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ముగ్గురు పిల్లల్లో ఒక్కళ్ళని కూడా నెలల గుడ్డుగా ఎత్తుకోలేదురా ఆయన, మండుద్దని. మీ మౌనిక కంటే ముందు మా మనవడు పుట్టినాక, ఎత్తుకోవాల్సిందేనని పట్టుబట్టాడు. రోజూ ఏదోకటి చేతులకి రుద్దుకోవడం, కంటికి పెట్టుకు చూసుకోవడం. ఈ నూనె దొరికేదాకా వారం రోజులు కళ్ళు ఎర్రగా చేసుకుని తిరిగాడు." ఆయన నాకు ఎంత తేలిగ్గా చెప్పేశాడో తలుచుకుని అక్కడే ఏడ్చాను.

మిరప వేయడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ఇవాళ చేతులు కడుక్కుని, వేలు కంటి మూలన ఆనించుకున్నాను. మండలేదు. అప్పుడే, కాన్పుకొచ్చిన మౌనిక నెల బిడ్డను ఉయ్యాలలోంచి ఎత్తుకున్నాను. మౌనిక నిద్రలో ఉంది. అల్లుడు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రమ్మంటే, "నాకు పట్టుకోవడం రాదండీ, పడేస్తానేమో" అన్నాడు.

"వసారాలో కూర్చో బాబూ, నేనిస్తాను" అన్నాను. "అమ్మాయిని పడుకోనియ్యి."