జాలీ మీద దుప్పటి

పోయిన ఆదివారం పొద్దున జూబ్లీహిల్స్‌లో ఒక మేడ మీద ఏసీ కడుగుతుండగా ఫోన్ వచ్చింది. "మీ ఉస్తాద్ పోయిండు బిడ్డా" అన్నది ఆయన భార్య. నాకు ఈ పని నేర్పిన మనిషి. నీళ్ల పైపు కట్టేసి మేడ దిగాను.

ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని నేను మెట్లెక్కని ఏసీ రిపేరు దుకాణం లేదు. ఆడమనిషిని నిచ్చెన ఎక్కించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఫిల్మ్ నగర్‌లో ఉస్తాద్ మాత్రం ఒకటే అడిగారు: "ఎండల మేడ మీద నిలబడతవా?" నిలబడతానన్నాను. "అయితే రేపు రా."

ఎంత గొప్పవాళ్ల ఇంటికి వెళ్లినా ఆయన వెంటనే పనిముట్ల సంచి తెరిచేవారు కాదు. ఏసీ పైపు మీద అరచెయ్యి ఆనించి చూసేవారు. తర్వాత యజమానిని వదిలేసి, ఇల్లు ఊడ్చే మనిషిని పిలిచి, "ఎప్పటిసంది గిట్లున్నది? అంతకుముందు గీడ ఏం మార్చిండ్రు?" అని అడిగేవారు. చేతిలో గ్యాస్ కొలిచే గేజీ ఉండగా ఈ ముచ్చట్లేమిటని నాకు చిరాకు. పైగా ఊరందరి గదులూ చల్లబరిచే మనిషికి చలి పడదు. ఏసీ గదిలోకి అడుగు పెట్టేముందు మంకీ క్యాప్ తగిలించుకునేవారు!

ఒకసారి ఒక డబ్బింగ్ థియేటర్‌కి నన్ను ఒక్కదాన్నే పంపారు. పైపు మీద మంచు పేరుకుంది, గేజీ తక్కువ చూపిస్తోంది. గ్యాస్ తగ్గిందని తేల్చేసి ఇంకాస్త ఎక్కించి, గొప్పగా తిరిగొచ్చాను. మూడోరోజుకి కంప్రెసర్ పట్టేసి మిషన్ ఆగిపోయింది.

ఈసారి ఉస్తాద్ కూడా వచ్చారు. టోపీ సర్దుకుంటూ సౌండ్ ఇంజినీరుని తన పాత ప్రశ్నే అడిగారు.

"ఏం మార్చలేదండీ. టేకులో గాలి చప్పుడు పడుతోందని ఆ జాలీకి దుప్పటి కట్టాం, అంతే" అన్నాడతను.

వెనక గోడ మీది తెర తొలగిస్తే, మిషన్ గాలి పీల్చుకునే జాలీ నిండా మందపాటి దుప్పటి! "గాలి లేక మంచు పట్టింది బిడ్డా, గ్యాస్ లేక గాదు. ఎక్కువైన గ్యాస్‌తోనే కంప్రెసర్ పట్టేసింది" అన్నారు ఉస్తాద్ మెల్లగా. ఇక్కడ పని పోతే నన్ను మళ్లీ ఎవరు రానిస్తారు?

మేనేజర్ వచ్చేలోగా నన్ను పక్కకి పిలిచారు. "మిషన్ పాతది అంటే ఆళ్లు నమ్ముతరు. గట్ల అనంగ అనంగ నువ్వు గూడ నమ్ముతవ్. గదే నాకు ఫికర్."

తప్పు నాదేనని మేనేజర్‌కి నేనే చెప్పాను. ఆయన మండిపడ్డాడు. "ఇకమీదట ఈవిణ్ణి పంపకండి."

"ఈమెనే వస్తది సార్" అన్నారు ఉస్తాద్. "దుప్పటి సంగతి ఇప్పుడు ఈమెకు ఎరుకే. కొత్తోళ్లకు ఎరుక ఉండదు." కొత్త కంప్రెసర్ నా చేతనే బిగించారు. తాను కింద కూర్చుని అడిగిన పానా అందించారు. అంత పెద్దమనిషి నాకు పానాలు అందిస్తుంటే ఏడుపు ఆపుకోవడం కష్టమైంది. ఈరోజు నేను ఒంటరిగా ఏ మేడైనా ఎక్కగలుగుతున్నానంటే, ఆ మధ్యాహ్నం వల్లే.

ఆదివారం ఆయన ఇంటికి వెళ్లేసరికి ముందుగదిలో ఆయన్ని కరెంటు ఐస్ బాక్సులో పడుకోబెట్టి ఉంచారు. దండం పెట్టబోతుంటే మోటారు చప్పుడు తేడాగా వినిపించింది. వంగి బాక్సు మీద అరచెయ్యి ఆనించి చూశాను. వచ్చినవాళ్లు వేసిన దండలన్నీ కాళ్లవైపు జారి, కింద మోటారు గాలి పీల్చుకునే జాలీని కప్పేశాయి.

"ఏమైంది బిడ్డా?" అంది ఆయన భార్య.

"ఏం లేదమ్మా, గాలి ఆడుతలేదు."

దండలు తీసి పక్కన పెట్టాను. కాసేపటికి చప్పుడు కుదురుకుంది. జనం వస్తూనే ఉన్నారు, పూలు తెస్తూనే ఉన్నారు. ఆయన్ని ఎత్తేదాకా, ఆ జాలీ ముందు ఎవరూ ఏమీ పెట్టకుండా అక్కడే కూర్చున్నాను.