నాన్న కాచిన గిటారు

నా మొదటి ఎలక్ట్రిక్ గిటారు సెకండ్ హ్యాండ్‌ది. అరకులో ఒక రిసార్టు బ్యాండులో వాయించే ఆయన ఆ పని మానేసి వెళ్లిపోతూ నాకు అమ్మాడు. పాడేరులో బడిపిల్లలకి పాటలు నేర్పుకునే నాకు కొత్తది కొనే తాహతు ఎక్కడిది? చైత్రంలో కొండవాళ్లం చేసుకునే ఇటుకల పండగకి మా ఊళ్లో నాన్న డప్పు పక్కన నిలబడి వాయించాలన్నది నా కోరిక. నాన్నదీ అదే కోరిక, నాతో అనడు గానీ. ఆడగుంటకి గిటారేటి అని నవ్విన వాళ్లందరికీ ఆయన ఒకటే జవాబు చెప్పేవాడు, పండగనాడు వినండని.

సెటప్ చేయించకుండా వాయించొద్దని మరీ మరీ చెప్పి, విశాఖలో గిటార్లు బాగుచేసే, తనకి తెలిసిన మేస్త్రి దగ్గరికి పంపించింది కూడా అమ్మినాయనే. ఎంత మంచివాడో అనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది. మేస్త్రి గిటారు మెడలోని ఇనుప కడ్డీ బిగించాడు, మెడ మీద అరిగిన మెట్లు సానపట్టాడు, కొత్త తీగలు వేసి వాటిని బాగా కిందికి దించాడు. వేలు ఆనిస్తే చాలు, పలికింది. దారి పొడవునా దాన్ని ఒళ్లోంచి దించలేదు.

ఘాట్ ఎక్కాక వాన పట్టుకుంది. బస్సు దిగి జీపు ఎక్కేలోపే గిటారున్న గుడ్డ సంచి నానిపోయింది. ఇంటికి రాగానే గిటారు గోడకి ఆనించి, బట్టలు మార్చుకోడానికి లోపలికి వెళ్లాను.

వచ్చేసరికి పొయ్యి ముందు నాన్న. గిటారు ఒళ్లో పెట్టుకుని మెడని మంట వైపు తిప్పి కాస్తున్నాడు. మా దగ్గర తడిసిన డప్పు ఎవరూ వాయించరు. చెమ్మకి తోలు వదులైపోతుంది, కాస్తేనే బిగుస్తుంది. మంటకీ తోలుకీ మధ్య నాన్న అరచెయ్యి పెడతాడు, ఆ చెయ్యి ఓర్చుకున్నంత వేడే తగలనిస్తాడు. గిటారుకీ అలాగే చెయ్యి పెట్టాడు.

"తడిసిపోనాది గదమ్మా. కాత్తే బాగా పలుకుద్దని," అన్నాడు.

లాక్కున్నాను. మెడకి తల కలిసేచోట సన్నని బీట. చూస్తుండగానే తీగల లాగుడుకి తల ముందుకి వాలిపోయింది.

"నీకేటి తెలుసని ముట్టుకున్నావు? ఇదేటి, నీ తోలు డప్పనుకున్నావా?"

పక్కింటివాళ్లు గుమ్మంలో ఉన్నారని తెలిసే అన్నాను. నాన్న చేతులు తుండుకి తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తర్వాత మళ్లీ విశాఖ వెళ్లి, మా నాన్న పాడుచేశాడని, పండగ దగ్గరపడిందని మేస్త్రికి చెప్పుకున్నాను. అతను బీట విప్పి లోపల ఎండిపోయిన పాత జిగురు చూపించాడు.

"ఇది పొయ్యి పని కాదమ్మా. ఎప్పుడో విరిగితే అతికించి రంగేశారు. కాచినా కాచకపోయినా ఆ కొత్త తీగలకి పండగలోపు ఊడేదే."

మొన్న సెటప్ చేసినప్పుడే తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. అమ్మినాయన పాత స్నేహితుడట, బేరం చెడగొట్టడం మర్యాద కాదట. వాళ్లిద్దరి మర్యాదా కలిసి నా ఇంటి మీద పడింది. వాళ్లని తిట్టుకున్నాను గానీ, ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. ముక్కూమొహం తెలియని వాళ్ల మాట నమ్మినదాన్ని నాన్న చేతిని నమ్మలేకపోయాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఇంటికి వచ్చి తప్పు నీది కాదని నాన్నకి చెప్పాను. అలాగా అన్నాడు, అన్నం కలుపుకుంటూనే.

పండగనాటికి గిటారు లేదు. ఊరి మధ్య గడ్డి మంట వేసి డప్పులవాళ్లు డప్పులు కాచుకుంటున్నారు. నాన్న ఒక్కడే మంటకి దూరంగా, డప్పు చంకన పెట్టుకుని నిలబడ్డాడు. ఏమైందోనని దగ్గరికి వెళ్లాను. నేను పుట్టకముందు నుంచీ డప్పు కాస్తున్న మనిషి, నా మొహం చూడకుండా మెల్లగా అడిగాడు.

"అమ్మా, దీన్ని కాయొచ్చా?"