నిస్సీ వినని కథ

ఏలూరులోని ఈశ్వరప్రసాద్ మాస్టారి అభిమాన సంఘం వాళ్లు విక్టోరియాను కొత్తవారికి పరిచయం చేసేటప్పుడు ఆమె పేరు చెప్పేవారు కాదు. "ఆవిడేనండీ, ఆ పాప తల్లి" అనేవారు. కొత్తవారు చప్పున చేతులు జోడించేవారు. ఆమె కూడా జోడించేది. ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచేది కాదు. కుర్చీలు సర్దే పనో, మంచినీళ్ల క్యాను తెప్పించే పనో చూసుకుని ఆమె పక్కకి తప్పుకునేది.

విక్టోరియాది పవర్‌పేటలో చిన్న కుట్టుకొట్టు. ఎక్కువగా బడి యూనిఫారాలు కుడుతుంది. జూన్ నెల వచ్చిందంటే అన్నం తినడానికి కూడా మిషను మీంచి లేవదు. భర్త యోసేపు కైకలూరు చెరువుల నుంచి చేపల లోడు తెచ్చే వ్యాను నడుపుతాడు. మితభాషి. ఒంట్లోంచి చేపల వాసన పోదని చర్చిలో ఎప్పుడూ వెనక బల్ల మీదే కూర్చుంటాడు. పెళ్లయిన చాలా ఏళ్లకి వాళ్లకి ఒక్కతే కూతురు పుట్టింది. దానికి నిస్సీ అని పేరు పెట్టుకున్నారు.

నిస్సీకి చదువు వచ్చిన దగ్గర్నుంచీ తల్లికి ఓ అలవాటయింది. తను మిషను తొక్కుతుంటే, కింద గుడ్డముక్కల మీద కూర్చుని పిల్ల కథలు చదివేది. ఆ రోజుల్లో పిల్లల వారపత్రిక ఒకదాన్లో ఈశ్వరప్రసాద్ మాస్టారు ధారావాహిక రాస్తుండేవారు. మండవల్లి బళ్లో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో స్థిరపడిన మనిషాయన. రాసినవన్నీ కొల్లేటి కథలే. ఈసారి కథ ఓ గూడబాతు పిల్లది. తుఫాను గాలికి కొల్లేటి ఒడ్డున ఆటపాక చెట్ల మీది గూట్లోంచి ఎగిరిపోయి, ఎక్కడో మెట్ట ప్రాంతంలో పడుతుంది. అక్కడి నుంచి చెరువు చెరువుకీ ఆగి, కనిపించిన ప్రతి ప్రాణినీ దారి అడుగుతూ ఇంటిముఖం పడుతుంది. నిస్సీ అప్పుడు నాలుగో తరగతి. వారం వారం పత్రిక రావడం ఆలస్యమైతే అన్నం మీద అలిగేది.

కథ ఇంకొక్క వారంలో ముగుస్తుందనగా పిల్లకి జ్వరం తగిలింది. వానాకాలపు జ్వరమే కదా అనుకున్నారు. రక్తపరీక్ష చేస్తే కణాలు పడిపోయాయన్నారు. ఆసుపత్రి మంచం మీద నిస్సీ తల్లిని అడిగింది.

"అమ్మా, గూడబాతు పిల్ల ఇల్లు చేరుతుందా?"

"చేరుతుందిలే తల్లీ."

"నీకెలా తెలుసు? మాస్టారు చెప్పాలి గానీ."

చూడడానికొచ్చిన నిస్సీ టీచరు ఆ మాట విని, ఎక్కడెక్కడో వాకబు చేసి మాస్టారి నంబరు సంపాదించింది. వార్డులోంచే ఫోన్ చేసి విక్టోరియా చేతికిచ్చింది. ఆయన అంతా విన్నారు. "ఆఖరి భాగం పత్రికకి పంపేశానమ్మా. అయితేనేం, నాకు నోటికొచ్చుగా! పొద్దున్నే బయల్దేరి వస్తాను. పాపకి చెప్పండి" అన్నారు.

విక్టోరియా చెప్పింది. నిస్సీ ఆ సాయంత్రమంతా జడ వేయమని గొడవ పెట్టింది. మాస్టారి ముందు జుట్టు రేగిపోయి ఉంటే బాగోదట.

తెల్లవారకుండానే పిల్ల పోయింది.

మాస్టారు పొద్దున రైల్లో వచ్చారు. చేతిలో సంచి, సంచిలో నాలుగు జామకాయలు. వార్డు గుమ్మంలోనే ఆగిపోయారు. యోసేపు బండి మాట్లాడడానికి వెళ్లాడు. విక్టోరియా మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. తనకి ఏడుపు రాకపోవడం ఆమెకే వింతగా ఉంది. ఆయన్ని చూసి లేచి, స్టూలు ముందుకు లాగింది.

"చెప్పండి మాస్టారూ" అంది.

"అమ్మా..."

"చెప్పడానికే కదండీ వచ్చారు. చెప్పండి."

ఆయన కూర్చున్నారు. దుప్పటి కప్పిన పిల్ల వైపు చూడలేక, కిటికీ వైపు చూస్తూ మొదలుపెట్టారు. మధ్యలో ఆగారు. మళ్లీ మొదలుపెట్టారు. గూడబాతు పిల్లకి దూరంగా ఆటపాక చెట్లు కనిపించేదాకా వచ్చింది కథ. అప్పుడు యోసేపు బండి తీసుకుని వచ్చేశాడు. మాస్టారు లేచి నిలబడ్డారు. కథ అక్కడే ఆగిపోయింది.

వారం తిరక్కుండా పత్రిక వచ్చింది. విక్టోరియా దాన్ని విప్పలేదు. తర్వాత ఆ కథ పుస్తకంగా అచ్చయింది. దాన్నీ చదవలేదు.

సంఘం పెట్టింది విజయ్ కుమార్ గారు. కాలేజీలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. మంచి వక్త, మంచి మనిషి. మాస్టారి పుస్తకాలంటే ప్రాణం. ఏటా నవంబరులో మాస్టారి పుట్టినరోజుకి సభ, మూడు నెలలకోసారి "కబురు" అనే నాలుగు పేజీల పత్రిక. మాస్టారు బతికుండగా రెండు సభలకి వచ్చారు. రెండుసార్లూ విక్టోరియాని చూసి తల దించుకున్నారే గానీ పలకరించలేకపోయారు.

ఆయన పోయాక జరిగిన మొదటి సభలో ఎవరో అన్నారు, "జబ్బుపడ్డ పసిబిడ్డకి కథ చెప్పడానికి ఆసుపత్రికి వెళ్లిన మహానుభావుడు" అని. అందులో తప్పేమీ లేదు. మరుసటేడు ఇంకొకాయన, పాప కథంతా విని నవ్విందన్నారు. ఆ పై ఏడు, ఆ నవ్వుతోనే కన్నుమూసిందన్నారు. "కబురు"లో అది అచ్చయింది. విక్టోరియా విజయ్ కుమార్ గారి దగ్గరకెళ్లి మెల్లిగా చెప్పింది, "అలా జరగలేదండీ" అని. "అయ్యో, అలాగా అండీ! ఈసారి సరిచేద్దాం" అన్నారాయన. మరిచిపోయారు. ఆమె మళ్లీ అడగలేదు.

"ఆ మీటింగులకి ఎందుకెళ్తావు నువ్వు?" అని యోసేపు ఒకసారి విసుక్కున్నాడు.

విక్టోరియా చేతిలోని గుడ్డ మడతపెట్టింది. చెప్పాలంటే చెప్పగలదు. పిల్ల పోయిన తర్వాత ఆ ఇంట్లో పిల్ల పేరు ఎత్తడానికి లేకుండా పోయింది. ఎత్తితే యోసేపు చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. చుట్టాలు ఎత్తరు. చర్చివాళ్లు ఎత్తరు. మైకులో "నిస్సీ" అన్న పేరు వినబడే చోటు ప్రపంచం మొత్తం మీద ఆ హాలు ఒక్కటే. అబద్ధంలో కలిపి చెప్పినా సరే, వినడానికి వెళ్లేది.

రాన్రాను సంఘం చిక్కిపోయింది. సభ్యులందరూ పెద్దవాళ్లే. "కబురు"లో సభల విశేషాలు తగ్గి సంతాపాలు పెరిగాయి. పిల్లల రచయిత సభకి పిల్లలే రావడం లేదని విజయ్ కుమార్ గారు దిగులుపడేవారు. కిందటి నవంబరులో ఆయనకో ఆలోచన వచ్చింది. ఓ ప్రైవేటు బడి పిల్లల చేత నాటిక వేయిస్తే, వాళ్లతో పాటు తల్లిదండ్రులైనా వస్తారు కదా అని. కొట్టుకొచ్చి విక్టోరియాకి చెప్పారు.

"చిన్న నాటికండీ. మాస్టారి జీవితంలోంచే. మీరొక గౌను కుట్టిపెట్టాలి. పసుపు రంగైతే స్టేజీ మీద బావుంటుంది."

కొలతలివ్వడానికి మానస అనే పిల్లని తీసుకొచ్చారు. తొమ్మిదేళ్లుంటాయి. చలాకీ పిల్ల. విక్టోరియా టేపు పట్టుకుని భుజాలు కొలుస్తుంటే, "ఆంటీ, నేనే చచ్చిపోయే పాపని!" అంది ఉత్సాహంగా.

విక్టోరియా కొలిచిన అంకె మరిచిపోయింది. మళ్లీ మొదటి నుంచి కొలిచింది. గౌను కుట్టింది. మెడ దగ్గర గుచ్చుకోకుండా లోపల మెత్తటి గుడ్డ వేసి మరీ కుట్టింది.

సభ రోజున హాలు చాలా కాలానికి నిండింది. తాడేపల్లిగూడెం నుంచి మాస్టారి భార్య రామలక్ష్మి గారిని కార్లో తీసుకొచ్చి వేదిక మీద కూర్చోబెట్టారు. ఎనభై దాటిన మనిషి, చూపు సరిగా ఆనదు. విక్టోరియాని ముందు వరసలో కూర్చోబెట్టారు.

తెర తీశారు. బల్ల మీద పసుపు గౌనులో మానస పడుకుని ఉంది. తెల్లగడ్డం అంటించుకున్న కుర్రాడు వచ్చి పక్కన కూర్చుని, గూడబాతు పిల్ల కథ చెప్పసాగాడు. మానస తల పక్కకి వంచి, కళ్లు పెద్దవి చేసి వింటోంది. ఇల్లు చేరిందా తాతా అంది. చేరిందమ్మా అన్నాడు కుర్రాడు. మానస చక్కగా నవ్వి కళ్లు మూసుకుంది. హాల్లో ముక్కులు ఎగబీల్చిన చప్పుళ్లు, వాటి వెంటే చప్పట్లు. ఆ చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

"ఆ తల్లి మన మధ్యే ఉన్నారు. రెండు మాటలు చెప్పాలని ప్రార్థన" అన్నారు విజయ్ కుమార్ గారు మైకులో. ఏటా పిలుస్తారు. ఏటా ఆమె లేచి నమస్కారం పెట్టి కూర్చుంటుంది. ఈసారి వెళ్లి మైకు పట్టుకుంది.

"మాస్టారు వచ్చేసరికి మా పాప లేదండీ" అంది. గొంతు మామూలుగానే ఉంది. "అప్పటికే పోయింది. ఆయన తప్పేం లేదు, పొద్దున్నే వస్తానన్నారు, పొద్దున్నే వచ్చారు. పాప నవ్వలేదండీ. కథ వినలేదు. జడ వేయించుకుని ఎదురుచూసింది, అంతే. నేనే చెప్పమన్నాను, నేనే విన్నాను. అదీ సగమే."

హాలంతా బిగుసుకుపోయింది. విజయ్ కుమార్ గారు మైకు కోసం చెయ్యి చాపారు. అంతలో వెనక నుంచి రామలక్ష్మి గారి గొంతు వినిపించింది.

"ఆ అమ్మాయి చెప్పిందే నిజం. ఆలస్యమైపోయాను రామలక్ష్మీ, రాత్రి బండికే వెళ్లుండాల్సింది అని పోయేదాకా అంటూనే ఉన్నారాయన. ఆ రోజు తర్వాత పిల్లల కథ ఒక్కటీ రాయలేదు. ఇన్ని సభలు పెట్టారు కదా బాబూ, ఎందుకు రాయలేదని ఒక్కరూ అడగలేదు."

వందన సమర్పణ తొందరగా కానిచ్చారు. పిల్లల ముందు ఇవన్నీ అవసరమా అని తల్లిదండ్రులు గొణుక్కుంటూ లేచారు. పులిహోర పొట్లాలు సగం మిగిలిపోయాయి. వేదిక పక్కన మానస వెక్కివెక్కి ఏడుస్తోంది.

"నేను తప్పు చేశానా ఆంటీ?"

"లేదమ్మా. చాలా బాగా చేశావు" అని విక్టోరియా దాని కళ్లు తుడిచింది. "మా పాప కూడా అచ్చం అలాగే తల వంచి వినేది." గౌను విప్పి ఇవ్వబోతే, నువ్వే ఉంచుకో అంది.

రామలక్ష్మి గారిని కారెక్కించేటప్పుడు ఆవిడ విక్టోరియా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ తర్వాత వచ్చిన "కబురు"లో మానస బల్ల మీద నవ్వుతున్న ఫొటో వేశారు. నాటిక ప్రేక్షకుల చేత కంటతడి పెట్టించిందని రాశారు. విక్టోరియా గారు, రామలక్ష్మి గారు తమ జ్ఞాపకాలు పంచుకున్నారని ఒక్క వాక్యం. ఆ సంచికని ఇవ్వడానికి విజయ్ కుమార్ గారు స్వయంగా కొట్టుకొచ్చి, స్టూలు మీద బరువుగా కూర్చున్నారు.

"నామీద కోపంగా ఉందా అమ్మా?"

"కోపం కాదండీ."

"జనం ఓ మంచి మాట విని ఇంటికెళ్లాలని నా తాపత్రయం. సంఘం ఇంకొన్నాళ్లు నిలబడాలని. నాకూ ఓపిక అయిపోయింది."

విక్టోరియా మిషను ఆపింది. "మా పాప ఎదురుచూసిందండీ. దానికి ఆఖర్న మిగిలింది ఆ ఎదురుచూపే. మీరు నవ్వు పెట్టి అది కూడా తీసేశారు."

ఆయన స్టూలు మీంచి మెల్లిగా లేచారు. వెళ్లేటప్పుడు చేతులు జోడించారు. ఆ వేసవిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. "కబురు" ఆగిపోయింది. ఈ నవంబరులో సభకి రమ్మని ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఆ తారీకున విక్టోరియా మధ్యాహ్నం దాకా కొట్టులో కూర్చుని, ఒక్క కుట్టూ వేయకుండానే తలుపు మూసేసింది.

ఇంటికి వచ్చేసరికి యోసేపు వ్యాను తీస్తున్నాడు. ఎన్నడూ లేనిది, "నేనూ వస్తానండీ" అంది. అతను ఒక చూపు చూసి, పక్క సీటు మీది తువ్వాలు తీశాడు. కైకలూరు చేరారు. చెరువుగట్టు మీద ఐసు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. నీళ్ల మీద ఎండ మసగ్గా ఉంది.

"హాల్లో నువ్వు మాట్లాడావంట కదా" అన్నాడు యోసేపు, స్టీరింగు మీంచి చేతులు తియ్యకుండా. "చర్చిలో చెప్పుకుంటుంటే విన్నాను. ఏడాదయింది. అడుగుదామనే ఉంది."

"అడగలేదేం?"

అతను చెరువు వైపు తిరిగాడు. "ఆ రోజు నేను బండి తేవడానికి వెళ్లినప్పుడు, మాస్టారు నిస్సీకి ఏం చెప్పారు?"

ఇన్నేళ్లలో అతని నోట ఆ పేరు రావడం అదే మొదలు.

"సగమే చెప్పారండీ. అంతలో మీరొచ్చేశారు."

"పుస్తకంలో ఉంటుంది కదా మిగతాది?"

"ఉంటుంది. నేను చదవలేదు."

యోసేపు తలూపాడు. ఎందుకు చదవలేదని అడగలేదు. బయట కూలీలు ట్రేలు దించుతున్న చప్పుడు. అతను ఇంజను ఆపేశాడు.

"ఆ సగమే చెప్పు" అన్నాడు.

విక్టోరియా పైట చెంగుతో మొహం తుడుచుకుని, తుఫాను దగ్గర్నుంచి మొదలుపెట్టింది.