ముందు సీటు ఖాళీ లేదు

ఖాంపన్ పికప్‌లో ముందు సీటు మీద చచ్చిపోయిన అతని పెళ్లాం కూర్చుని వస్తుందని ఊరంతా చెప్పుకుంటారు. సంత దగ్గర ఆవిడ దిగేదాకా బండి ఆపి ఉంచుతాడట. ఘాట్ మలుపుల్లో ఆవిడకి తల తిరుగుతుందని నెమ్మదిగా పోనిస్తాడట. నిజంగా చూసినవాడు ఒక్కడూ లేడు. చూశామనేవాళ్ళు మాత్రం పువా సంతలో ఉల్లిపాయలకన్నా ఎక్కువ.

ఖాంపన్‌ది పాత డీజిల్ పికప్. వెనక తొట్టిలో రెండు బల్లలు, పైన రేకు కప్పు. వయసులో ఉన్నప్పటి నుంచీ కొండమీది పల్లెల జనాన్నీ, కోళ్లనీ, వెదురు కొమ్ములనీ కింద పువా సంతకి దింపుతున్నాడు. పిల్లా జెల్లా లేరు. బండి తోలేది అతనే అయినా, బండిని కనిపెట్టుకుని ఉండే అమ్మవారు మే యానాంగ్‌ని చూసుకునేది మాత్రం భార్య బువాఖియో. పున్నమి పున్నమికీ అద్దానికి కొత్త మల్లెదండ కట్టేది, బానెట్ మీద స్ట్రా వేసి మరీ ఎర్ర సోడా నైవేద్యం పెట్టేది.

కిందటి వానల్లో బువాఖియో జ్వరంతో పోయింది. దహనమైన మర్నాడే బండి ఎత్తు మీద ఆగిపోయింది. ఏడ్చి ఏడ్చి డీజిల్ ముల్లు చూసుకోలేదు, అంతే. డబ్బాతో తెచ్చి పోశాక కదిలింది కూడా. కానీ ఆ కాసేపట్లో వెనక బల్ల మీది ఆడవాళ్ళు, పెట్టే చెయ్యి పోయింది కదా, అమ్మవారు కూడా ఆవిడ వెంటే వెళ్ళిపోయిందని గుసగుసలాడుకున్నారు. డీజిల్ బండిలోకి వెళ్ళింది, ఆ మాట ఖాంపన్ గుండెలోకి వెళ్ళింది.

అప్పటి నుంచీ బండి పొగ కక్కడం మొదలుపెట్టింది. అదీ అలాంటిలాంటి పొగ కాదు. తెల్ల బాతు వెనకాల నడిస్తే ఇంటికి నల్ల బాతై వచ్చేది. గుళ్ళో సన్యాసులు పొద్దు కుంకిందనుకుని మధ్యాహ్నమే దీపాలు పెట్టారంటారు.

ఇంతలో ఏటా జరిగే పొగ పరీక్షలో హద్దు బాగా కిందికి దించారు. గొట్టంలో కడ్డీ పెట్టి యాక్సిలరేటర్ తొక్కించారు. యంత్రం ఊపిరాడనట్టు కీచుమంది. ఖాంపన్ బండి తప్పింది. మళ్ళీ ఒక్క అవకాశం ఉంది, అదీ పోతే పన్ను బిళ్ళ రాదు. బిళ్ళ లేకపోతే జనాన్ని ఎక్కించుకోకూడదు.

ఎక్కే జనం కూడా ఏరీ? అదే దారిలో బండి తోలే విరోట్ కొత్త పికప్ కొన్నాడు. తన మసిని తానే కాల్చుకునే బండి అది, పొగని శుభ్రం చేసే నీలం మందు కూడా తాగుతుంది. ఆడవాళ్ళంతా తెల్ల జాకెట్లు వేసుకుని అందులో ఎక్కారు.

"ఆ కుంపటిని తుక్కుకి వేసెయ్, బావా" అన్నాడు విరోట్.

"మార్చిలో పోడు కోసం కొండలన్నీ తగలేస్తారు, అది పొగ కాదు. నాదొక్కటే పొగ" అన్నాడు ఖాంపన్.

అన్నాడే గానీ, ఆ రోజు రెండు ఖాళీ బల్లలతో తిరిగి వచ్చాడు. బండి ఆపి, అందులోనే కూర్చుని జిగురు అన్నం తిన్నాడు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. బండయితే కనీసం గడగడమంటుంది.

మర్నాడు మెకానిక్ సెంగ్లా దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ బానెట్ ఎత్తి గాలి డబ్బా మీద చెయ్యి వేసింది. ఖాంపన్ ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు.

"అది ఒక్కటీ విప్పకమ్మా."

సెంగ్లా విప్పింది. లోపల ఫిల్టర్ చుట్టూ బిగించి చుట్టిన ఆడవాళ్ళ నేత లుంగీ ఉంది, సగం మసి.

"ఇదేంటి పెదనాన్నా? గాలి ఆడక చస్తోంది బండి."

"బువాఖియోది. ఈ వాసన పీలిస్తే అమ్మవారు వెళ్ళిపోకుండా ఉంటుందని..."

"అద్దానికి కట్టుకోకపోయావా?"

"నలుగురి తలల మీద ఆడదాని లుంగీ వేలాడదియ్యనా? తప్పు కాదూ?"

సెంగ్లా కాసేపు రెంచీ తుడుచుకుంది. "తీస్తే పాసవుతుంది. ఉంచితే తుక్కుకి పోతుంది. నేను మాత్రం ముట్టుకోను, నువ్వే తేల్చుకో" అని టీ తాగడానికి వెళ్ళిపోయింది.

ఖాంపన్ ఎర్ర సోడా కొనుక్కొచ్చాడు. ఎన్ని అగరొత్తులు వెలిగించాలో తెలియలేదు. ఎప్పుడూ ఆవిడే వెలిగించేది, తను పక్కన నిలబడి తొందరపెట్టేవాడు. కట్ట మొత్తం వెలిగించి, తియ్యనా వద్దా అని అమ్మవారిని అడిగాడు. బువాఖియోని కూడా అడిగాడు. అగరొత్తులు చివరంటా కాలాయి, సోడాలో చీమ పడింది. ఎవరూ ఏమీ అనలేదు. అంత మౌనం అతను దహనం నాడు కూడా వినలేదు.

తనే తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒట్టి డీజిల్ వాసన.

రెండోసారి యంత్రం కిక్కురుమనలేదు. "ఈ ఏటికి గట్టెక్కావు పెదనాన్నా. వచ్చే ఏడు హద్దు ఇంకా దిగుతుందంటున్నారు" అన్నాడు పరీక్ష చేసే అతను. ఖాంపన్ తలూపాడు. మడిచిన లుంగీని ముందు సీటు మీద పెట్టి, బెల్టు పెట్టి, ఒక్కసారి లాగి చూసుకుని బయల్దేరాడు.

పాత జనం కొందరు తిరిగి వచ్చారు. ఒకావిడ నడుం నొప్పని ముందు తలుపు తీయబోతే, ఖాళీ లేదన్నాడు. ఇంకేం, ఆ సాయంత్రానికల్లా బువాఖియో సంతకి వస్తోందని పువా అంతా పాకింది.

ఉండబట్టలేక విరోట్ వెళ్ళి, సెంగ్లా షెడ్డు దగ్గర విన్న లుంగీ సంగతీ, అగరొత్తుల సంగతీ మొహం మీదే అడిగాడు. ఖాంపన్ అద్దం తుడవడం ఆపలేదు.

"ఏ లుంగీ? ఎవరి లుంగీ? నా బండి ఎప్పుడూ పొగ వదల్లేదు. ఆ సీటు స్ప్రింగు విరిగి గుచ్చుకుంటుందని గుడ్డ వేశాను. నువ్వు విన్నదంతా అబద్ధం, పో."