పసుపు అంటిన వైరు

తిరుమలగిరి ప్రాంతంలో పెళ్లిపత్రిక అచ్చువేయించాలంటే ఎవరైనా గుర్వయ్య ఇంటికే వచ్చేవారు. ముందుగదిలో ఆయన కంప్యూటరూ, ప్రింటరూ. వెనుకగదిలో కోడలు కోమల కంప్యూటరు. ఆమె టైపు చేసిన పత్రిక, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఫోల్డరులో నుంచి ఆయనకు అందేది. ఇరవై ఏళ్లలో ఒక్క అక్షరదోషాన్నైనా గడప దాటనివ్వలేదని ఆయనకు గర్వం. ఎదుటివారి తప్పులు వెదకడంలో పడి, తన చేతిపనిని తాను తిరిగి చూసుకునే అలవాటు మాత్రం పోయింది.

దసరా మరునాడు, కోమల పుట్టినూరి నుంచి దుర్గయ్య తన కూతురి పెళ్లిపత్రికల కోసం వచ్చి కూర్చున్నాడు. ఎంత ప్రయత్నించినా ఫోల్డరు తెరుచుకోలేదు. గుర్వయ్య రెండుసార్లు కంప్యూటరును ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. ఫలితం లేదు.

"మామా, నా దాంట్ల నెట్టు గూడ వస్తలేదు. జర గోడమీది రౌటరు డబ్బా కాడ నా వైరు చూడుండ్రి," అంది కోమల లోపలి నుంచి.

"వైరు నిన్న నా చేతులతోనే పెట్టిన. దానికేం రోగం? మొన్న నీ తప్పులు పట్టిన్నని ఫోల్డరుకు తాళమేసినవు, గంతే!"

దుర్గయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. కోమల పత్రికను పెన్‌డ్రైవులో తెచ్చి, బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

అచ్చు పూర్తయింది. దుర్గయ్య కట్ట చంకన పెట్టుకుంటూ, "కోమల ఎట్లున్నదని వాళ్ల బాపు అడుగుతడు. ఏం చెప్పాలె?" అని గొణుగుతూ బస్సుకు నడిచాడు.

ఆ మాట గుర్వయ్యను నిలవనీయలేదు. గోడమీది రౌటరు నుంచి కోమల కంప్యూటరు వైరు లాగి చూశాడు. మొన నిండా ఎండిన పసుపు! నిన్న ఆయుధపూజకు వైర్లన్నీ పీకి తుడిచి, బొట్లు పెట్టిన తడి చేతులతోనే తిరిగి గుచ్చింది తానే. దూదితో తుడిచి పెట్టగానే పచ్చదీపం వెలిగింది.

"వచ్చింది మామా! ఏం జేసిండ్రు?"

"ఏం లేదు... దానంతటదే వచ్చింది."

అన్న మరుక్షణమే ఆయనకు తనమీద తనకే రోత పుట్టింది. చెప్పులైనా తొడుక్కోక బస్టాండుకు ఉరికాడు. కిటికీ పక్కన దుర్గయ్య కనబడ్డాడు.

"దుర్గయ్యా! పిల్ల తాళమెయ్యలే. పసుపు చేతులతోని వైరు పెట్టి నేనే ఖరాబు చేసిన. వాళ్ల బాపుకు గిదే చెప్పు."

వెనుక సీటులోని ముసలమ్మ పకపకా నవ్వింది. "కంప్యూటరుకు పసుపు పెట్టినవా? పుస్తె గూడ కట్టకపోయినవు!"

బస్సంతా నవ్వింది. దుర్గయ్య నవ్వలేదు.

"నాకు చెప్పనీకి గింత దూరం ఉరికొస్తివి, మంచిదే. పిల్లకు చెప్పినవా?"

గుర్వయ్య కిటికీ మీద నుంచి చెయ్యి తీశాడు. బస్సు కదిలిపోయింది.

ఇల్లు చేరేసరికి కోమల గుమ్మంలో ఉంది. ఆయన చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది.

"బల్లమీద పసుపంటిన దూది చూసిన మామా. చెప్తరా, చెప్పరా అని గీడ నిలవడ్డ."

ఆయన చెప్పాడు, మొదటి నుంచి చివరిదాకా. చెప్పినంతసేపూ ఆ చెప్పులనే చూస్తూ ఉండిపోయాడు. వాటిలో కాళ్లు పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు.