బర్రె ఈనే రోజు నన్ను బయటికి పంపేవాళ్లు

మా చిన్నప్పుడు... నా గురించిన సంగతులన్నీ నేను లేనప్పుడే తేలిపోయేవి. ఇప్పటికీ అంతే. పోయిన వారం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, బాప్తిస్మం తీసుకుంటానని చెప్పాను. మా అన్న టీ గ్లాసు కూడా కింద పెట్టలేదు.

"ఎవడే వాడు?"

ఎవడూ లేడంటే ఒక్కరూ నమ్మలేదు. ఆడపిల్ల తనంతట తానే ఒక దేవుణ్ణి వెతుక్కుంటుందన్నది మా ఇంట్లో ఎవరి ఊహకూ అందదు. ఎవరు మార్చారో చెప్పమని ఒకటే పోరు. సరే, చెబుతానన్నాను... నన్ను ఆ గుమ్మానికి పంపింది మీరే.

సిటీలోని కార్వాన్‌లో మాది పాల వ్యాపారం. ఇంటి వెనకే కొట్టం, అందులో పది బర్రెలు. నానబెట్టిన తవుడు వాసన, క్యాన్ల చప్పుడు, చలికాలం పొద్దున బర్రెల వెచ్చటి ఊపిరి... నాకు ఆ కొట్టమంటే ప్రాణం. ఏ బర్రె ఎప్పుడు తంతుందో అన్న కన్నా నాకే బాగా తెలుసు.

కానీ బర్రె ఈనే రోజు మాత్రం నన్ను అక్కడ ఉండనిచ్చేవాళ్లు కాదు. నొప్పులు మొదలయ్యాయంటే చాలు, నాయనమ్మ నా చేతిలో మూత పెట్టిన ఇత్తడి చెంబు పెట్టేది.

"పో బిడ్డా, నర్సమ్మకు పాలిచ్చిరా. పిలిచేదాంక గాడనే ఉండు."

నర్సమ్మ పక్క గల్లీలో ఒంటరిగా ఉండే క్రైస్తవురాలు. ఆసుపత్రి కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైంది. పాలు గంజులో ఒంపుకుని, చెంబు కడిగి బోర్లించి, నాకు రెండు బిస్కెట్లు ఇచ్చేది. ఇంట్లో ఇంతమంది ఉండగా నన్నే నమ్మి పంపుతున్నారని... నేనెంత మురిసిపోయేదాన్నో.

నాలుగో తరగతిలో ఒకరోజు చెంబు మరీ తేలికగా అనిపించింది. మూత తీస్తే అడుగున రెండు గుక్కల పాలు. పోయడం మరిచారేమోనని వెనక్కి పరుగెత్తాను. కొట్టం గుమ్మంలో మేనత్త నన్ను చూసింది.

"దీన్నెందుకు రానిచ్చిండ్రు? ఇది పుట్టిన్నాడే పెద్ద బర్రె ఈనలేక సచ్చింది, యాదికి లేదా?"

అమ్మ అక్కడే ఉంది, వేడినీళ్ల బకెట్ పట్టుకుని. బకెట్‌తో బర్రె దగ్గరికి పోయింది.

మళ్లీ నర్సమ్మ ఇంటికే వెళ్లాను. ఇంకెక్కడికి పోవాలో తెలియలేదు.

"మా బర్రె నా వల్లనే సచ్చిందా, నర్సమ్మా?"

ఆమె చేతులు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. "బర్రె సంగతి నాకు తెల్వదు బిడ్డా. మనుషుల కాన్పులైతే మస్తు చూసిన. పుట్టిన పిల్లది తప్పు అనేటి కాన్పు ఒక్కటి చూడలే."

తర్వాత కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. నా దోషం పోవాలని కాదు... నేను పుట్టినందుకు యేసయ్యకు కృతజ్ఞతలు చెప్పింది, నా పేరు పెట్టి. ఇంకెవరి గురించో అంటోందేమోనని నేను ఒక కన్ను తెరిచి చూశాను. గదిలో నేనే ఉన్నాను.

నన్ను చర్చికి రమ్మని ఆమె ఏనాడూ అనలేదు. నేను ఇంటర్‌లో ఉండగా పోయింది. ఆమె కళ్లు మూసుకుని మాట్లాడేది ఎవరితోనో తెలుసుకుందామని ఆ తర్వాతే చర్చికి వెళ్లడం మొదలుపెట్టాను. మొదట్లో వెనక బెంచీలో కూర్చుని తప్పులు వెతికాను... వెతకడం ఎప్పుడు ఆగిందో గుర్తు లేదు. ఇప్పుడు ప్రార్థనలో కూర్చుంటే నేను అపశకునాన్ని కాను, ఇంటి పరువునూ కాను. ఈ కోపాన్ని కూడా అక్కడ దాచుకోనక్కర్లేదు.

ఇదంతా చెబితే అమ్మ ఏమందో తెలుసా...

"గదెప్పటి సంగతో. జున్ను నీకే ఎక్కువ దాచిపెడుతుంటి కదనే."

నిజమే, దాచేది. బెల్లం, యాలకులు వేసిన జున్ను, అందరికన్నా పెద్ద ముక్క. అందుకే ఇంకా మండుతోంది. అంత ప్రేమ ఉండి కూడా, ఆ రోజు ఒక్క మాట అడ్డం వేయలేదు.

బాపు తల దించుకుని, "గల్లీల నలుగురికి ఏం జెప్పాలె?" అన్నాడు.

"నేను పుట్టిన్నాడు ఏమైందో గల్లీ అందరికీ చెప్పిండ్రు కద బాపు. గిది గూడ చెప్పుండ్రి."

ఇప్పుడు ఆ కొట్టం లేదు. బర్రెలన్నీ సిటీ బయటికి, చాంద్రాయణగుట్ట అవతలికి పోయాయి, ఆ జాగాలో మూడు దుకాణాల షట్టర్లు లేచాయి. మా ఇంటికే ప్యాకెట్ పాలు వస్తున్నాయి... అన్నీ మారాయి. అన్నకు మొన్న పుట్టిన కూతురి నక్షత్రం మీద గుసగుసలు మాత్రం అప్పుడే మొదలయ్యాయి.

మీ ఇంట్లోనూ ఇలాంటి నింద మోసిన పిల్ల ఒకతి ఉండే ఉంటుంది. అది మీరే అయితే కింద రాయండి... ఒక్కటీ వదలకుండా చదువుతాను.

ఇంట్లో వాళ్లు రావచ్చు, రాకపోవచ్చు. ఈ ఆదివారం నేను బాప్తిస్మం తీసుకుంటున్నాను.